ఎడమవైపు

హెడ్‌ఫోన్లలో ఎడమవైపు పాట లేదు. కుడివైపు వయొలిన్ మోగుతోంది. ఎడమవైపు రావలసిన వేణువు జాడే లేదు.

ఆయన రికార్డు ప్లేయర్ మూత ఎత్తి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. సూది మార్చాడు. దాని వెనక వెంట్రుకల్లాంటి రంగుల తీగలు ఒక్కొక్కటీ కదిపి చూశాడు. ఆంప్లిఫయర్‌లో కుడి పిన్ను ఎడమకు, ఎడమ పిన్ను కుడికి మార్చాడు. వేణువు కుడివైపుకొచ్చింది, వయొలిన్ మాయమైంది. ఎడమవైపు మాత్రం అదే మౌనం. హెడ్‌ఫోన్లు కొత్తవి కొన్నా అంతే. ఇక మిగిలింది ఆంప్లిఫయరే.

ఇంట్లోనూ మాట లేదు. భార్య ఆయన డిస్కులను గిన్నెలు తుడిచినట్టు తడిగుడ్డతో తుడిచింది. ఆయన కేకలేశాడు. అప్పటినుంచి ఆమె నోట ‘గ్యాస్ అయిపోయింది’, ‘భోజనం పెట్టాను’, ఇంతే.

ఆ పగటి మాటలు పోతే పోయాయి. రోజూ లైటు ఆర్పాక ఆయన గోడవైపు తిరిగి, కుడిచెంప దిండుకు ఆనించి పడుకునేవాడు. వెనకనుంచి ఆమె మెల్లగా ఆ రోజు సంగతులు చెప్పేది. ఈయన ఊకొట్టేవాడు. పెళ్ళయినప్పటినుంచీ అదే అలవాటు. ఇప్పుడు అదీ ఆగిపోయింది. ఆయన చీకట్లో కళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తూ నిద్రపోయేవాడు. పొద్దున్నే దేవుడి ముందు నిలబడి, ‘ఆమె నోట ఒక్క మాట రానివ్వు తండ్రీ’ అని అడిగేవాడు. దేవుడు వింటున్నట్టు లేదు. తానే ముందు పలకరిస్తే పోయేదేముంది? అనుకునేవాడే గానీ, నోరు పెగిలేది కాదు.

మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. గుమ్మం దగ్గర అప్పటికే భార్య సంచీ సర్ది ఉంది.

“మా అక్కనేం చేశావు బావా? ఫోన్లో ఒకటే ఏడుపు. ఇక మా ఇంట్లోనే ఉంటానంటోంది.”

“నేనేం చేశాను? నోరు విప్పనిది ఆవిడ. తీసుకెళ్ళు. ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అన్న మాట వెనక్కి తీసుకోవడం చేతగాక ఆయన ప్లేయర్ వైపు తిరిగాడు.

బావమరిది రేడియోలు బాగుచేస్తాడు. ఏడ్చే మనుషులకన్నా పలకని పెట్టెల దగ్గరే అతనికి ధైర్యం ఎక్కువ.

“దీనికేమొచ్చింది?”

“ఎడమవైపు పలకదు.”

“యజమాని బుద్ధే వచ్చిందన్నమాట.”

హెడ్‌ఫోన్లు తన తలకు పెట్టుకుని కాసేపు విన్నాడు.

“రెండువైపులా గంటలా మోగుతోంది కదయ్యా.”

“నీ వేళాకోళం చాలు.”

బావమరిది వాటిని తీసి, కుడి ఎడమలు తారుమారు చేసి బావ తలకు తగిలించాడు.

“ఇప్పుడు?”

“అదే. ఎడమవైపు లేదు.”

బావమరిది మొహంలో నవ్వు పోయింది. సంచీ చేతబట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అక్కవైపు మెల్లగా తిరిగాడు.

“అక్కా, రోజూ లైటు ఆర్పాక ‘ఇంకా కోపం పోలేదా’ అని బతిమాలుకున్నానన్నావే, అదంతా బావ ఎడమ చెవికేనా చెప్పుకున్నావు?”