కట్టయ్య వంతు డెబ్బై రెండు

“మట్టెవాడ ఏరియాల కేబుల్ ఫాల్టులకు కారణం నువ్వేనంటాంది కట్టన్నా, కంప్యూటర్,” అన్నాడు ఇంజనీరు భానుచందర్ తల ఎత్తకుండా.

కట్టయ్య అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పదిహేను రోజులు సొంతూరు పరకాలలో ఇంటిపట్టున ఉండమన్న కంపెనీ ఇవాళ రమ్మంటే మళ్లీ డ్యూటీలోకి తీసుకుంటారనుకుని ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు పాపం. సెల్‌ఫోన్ టవర్లకు పోయే కేబుళ్లు తెగితే అతకడం తప్ప, ఇరవై రెండేళ్లుగా ఇంకో పని ఎరగడు.

“నేనెట్ల కారణమైత సారూ?”

“ఏ కారణానికి ఎంత అవకాశముందో ఇది లెక్కగట్టి చెప్తది. చూడు. ఎలుకలకు ఐదు శాతం, వానకు తొమ్మిది, రోడ్లు తవ్వే జేసీబీలకు పద్నాలుగు. నీకు డెబ్బై రెండు. కేబుల్ తెగిన ప్రతి కాడ నీ పేరే ఉన్నదాయె.”

“తెగినంకనే గద నేను పోయేది! రోగమొచ్చిన ప్రతి ఇంట్ల డాక్టరు కనవడ్తడు. రోగం డాక్టరే తెచ్చిండంటరా?”

భానుచందర్ కీబోర్డు మీద ఏదో నొక్కాడు.

“నేను గూడ గదే అన్న. అందుకే నిన్ను పదిహేను దినాలు ఆపి చూసినం.” స్క్రీన్ ఇటు తిప్పాడు. “ఇదివరకు మట్టెవాడకెల్లి నెలకు నలభై కంప్లైంట్లు. నువ్వు ఆగినంక సున్నా. ఒక్కటంటే ఒక్కటి రాలె. ఇప్పుడు నీ వంతు తొంభై తొమ్మిదికి ఎక్కింది.”

ఆ సున్నా చూశాక కట్టయ్యకు తన మీద తనకే అనుమానం వచ్చింది. తన చేతులకేసి చూసుకున్నాడు. చూపు తగ్గి అతుకులు సరిగా పడటం లేదేమో. నీళ్లు దూరే సందు తానే వదిలేస్తున్నాడేమో. ఊరికి మేలు చేస్తున్నాననుకుంటూ ఇన్నేళ్లూ కీడే చేశాడా? ఏడుపు ఆగలేదు.

“నా చేతుల్ల గింత దోషమున్నదని నాకే ఎరుకలేకపాయె సారూ.”

‘తప్పు నాదే, పని మానుకుంటున్నాను’ అని ముందే టైపు చేసి భానుచందర్ ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు. అతడు కుర్చీలోంచి లేచేలోగా అది స్కానై హైదరాబాద్ ఆఫీసుకు వెళ్లిపోయింది.

కడసారి చూసుకుందామని మట్టెవాడ వైపు నడిచాడు. ఎవరి కంటా పడకూడదని తల వంచుకుని పోతుంటే, బట్టలు కుట్టే దీనమ్మ కుట్టుమిషన్ వదిలేసి గల్లీలోకి ఉరికొచ్చింది.

“కట్టన్నా! ఎటు వోయినవ్ ఇన్ని దినాలు? మీ కంపెనీ సిమ్ములన్ని సచ్చి పదిహేను దినాలాయె. చూసే దిక్కు లేదు!”

కట్టయ్య ఆమె వైపు తిరిగాడు. “మరి... ఒక్కలన్న కంప్లైంట్ పెట్టకపాయిరా చెల్లె?”

“పెట్టకేం! ఈడికెల్లి పెడ్దామంటే సిగ్నలే లేకపాయె. సిగ్నలున్న కాడికి పోయి పెడ్తే, ‘మీరున్న చోట సిగ్నల్ బాగానే ఉంది’ అని కొట్టేస్తాంది అన్నా, మీ కంప్యూటర్!”