మామగారు చదివిన ప్రేమలేఖ

"మా అమ్మాయి పెళ్లికి ముందు ఈ అబ్బాయి మొహం కూడా సరిగ్గా చూళ్లేదు మేడమ్!" అన్నాడు మల్లికార్జునరావు ఛాతీ విరుచుకుని.

ఆయన సింగపూర్ వచ్చి పాతికేళ్లయింది. ఆయన ఇంగ్లిష్ మాత్రం ఇంకా గుంటూరులోనే ఉంది. ఇమిగ్రేషన్ ఆఫీసు ఇంటర్వ్యూ గదిలో ఏసీ చలికి పక్కనున్న కూతురు అనన్యా అల్లుడు నిశాంతూ వణుకుతుంటే, ఆయనకి గర్వంతో చెమటలు పట్టాయి.

ఆఫీసరమ్మ పెన్ను ఆపింది. "అసలు చూడలేదా?"

"ఇరవై నిమిషాలు. యూ టీ స్టేషన్ పక్కన మా ఫ్లాట్‌లోనే పెళ్లిచూపులు. అమ్మాయి తలొంచుకుని కాఫీ ఇచ్చింది, తలొంచుకునే లోపలికి వెళ్లిపోయింది. పరువుగల కుటుంబం మేడమ్ మాది!"

ఆఫీసరమ్మ ఫైల్లో ఏదో రాసుకుంది. అది 'పరువు' అనే మాట కాదని తలకిందులుగా చూసినా నిశాంత్‌కి అర్థమైంది.

అతని పరిస్థితి అసలే బాగాలేదు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పేలిపోతాయని భయపడి అతన్ని తెచ్చుకున్న కంపెనీ, ఒక్కటి కూడా పేలకపోయేసరికి దుకాణం సర్దేసింది. అతని వర్క్ పాస్ గడువు ఇంకా తొమ్మిది రోజులే. పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి, వస్తే అనన్యతో కాపురం. రాకపోతే పదోరోజు అతను విమానంలో, ఇక్కడి సిటిజన్ అయిన అనన్య ఇక్కడే.

"అంకుల్, ఇరవై నిమిషాల పరిచయం. పాస్ అయిపోయే ముందు పెళ్లి. నేనేం అనుకోవాలి?" అంది ఆఫీసరమ్మ. "పెళ్లికి ముందు పరిచయం ఉన్నట్టు ఏదైనా చూపించండి. ఫొటో, కార్డు, ఏదో ఒకటి."

"ఛీఛీ! మా ఇంటావంటా లేదు!"

"అయితే కష్టం లా," అంది ఆవిడ సింగపూర్ యాసలో.

"మా అమ్మాయి నిప్పు మేడమ్! కావాలంటే రాసిస్తాను!"

"డాడీ, ప్లీజ్, స్టాప్ లా," అంటూ అనన్య లేచింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఎర్ర రిబ్బన్ కట్టిన లావుపాటి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "సారీ డాడీ. నాలుగేళ్ల నుంచి..."

"నాలుగేళ్ల నుంచి ఏంటి?"

"లవ్, డాడీ."

మల్లికార్జునరావు నోరు తెరిచాడు. అందులోకి డబుల్ డెక్కర్ బస్సు ఒకటి హాయిగా వెళ్లి రివర్స్ చేసుకుని రావచ్చు.

ఆఫీసరమ్మ కట్ట విప్పింది. అరవై ఉత్తరాలు. అన్నిటి మీదా తేదీలు. అన్నీ తెలుగులో.

"నాకీ లిపి రాదు. అంకుల్, మీరే చదివి చెప్పండి."

పాతికేళ్ల పరువు పక్కన పెట్టి, ముందు తెలుగులో చదివి తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టాడాయన. "'నిన్న చోవా చూ కాంగ్ హాకర్ సెంటర్లో తిండి కొట్ల దగ్గర నీకోసం టిష్యూ ప్యాకెట్ పెట్టి కుర్చీ చోప్ చేసి పట్టి ఉంచాను. నువ్వు రాలేదు. నలుగురొచ్చి అడిగారు, ఇవ్వలేదు. ఐదోవాడు ఏడ్చాడు, అయినా ఇవ్వలేదు. ఈ జన్మంతా ఆ కుర్చీ నీదే.'"

ఆఫీసరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇంకోటి."

"'నిన్న మీ ఇంటికి ఫోన్ చేశాను. మీ నాన్న గుర్రు వినిపించింది. రైలు స్టేషన్లోకి వస్తోందనుకుని పసుపు గీత వెనక్కి...'" ఆయన టక్కున ఆగిపోయాడు.

"ఆపేశారేం?"

"'మీ నాన్నగారు చాలా గొప్పవారు' అని రాశాడు మేడమ్."

"అంత పొడుగు లైనుకి అంతేనా అర్థం?"

"చాలా గొప్పవారు మేడమ్."

పదకొండో ఉత్తరానికి పక్కగది ఆఫీసరు కూడా కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు. పందొమ్మిదో ఉత్తరానికి ఠప్పుమని పీఆర్ ముద్ర పడింది.

తిరుగు రైలెక్కాక మల్లికార్జునరావు మూలసీటు వెతుక్కున్నాడు. కట్ట ఒళ్లో పెట్టుకుని శిలావిగ్రహంలా కూర్చున్నాడు. నిశాంత్ ఆయన్ని చూసే ధైర్యం లేక రైల్లో ఉన్న ప్రకటనలన్నీ చదివాడు, చైనీస్‌వి కూడా. బుకిట్ బటోక్ దాటాక ఆయన కట్ట విప్పి ఇరవయ్యో ఉత్తరం చదవడం మొదలుపెట్టాడు. యూ టీ వచ్చేసరికి కళ్లు చెరువులయ్యాయి.

"అల్లుడుగారూ!"

"తప్పైపోయింది మామయ్యా..."

"ఇంత బాగా రాస్తారా మీరు!"

ఇల్లు చేరగానే ఆయన ఫోన్ కార్డులు రెండు గీకి గుంటూరుకి పద్నాలుగు ఫోన్లు చేశాడు. "లవ్ తప్పు కాదురా! నేనే ఇన్నాళ్లూ పొరబడ్డాను. మా అల్లుడు సాఫ్ట్‌వేర్ అనుకున్నాను, సాహిత్యం! ఈ ఉత్తరాలన్నీ ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది సంచికలో వేయిస్తున్నా. నిశాంత్ అని పేరు ఇంతింత అక్షరాలతో!"

నిశాంత్ పాత రూమ్మేట్ బాబ్జీ అప్పటికే ఆ ఇంట్లో సోఫా ఎక్కి ఉప్మా లాగిస్తున్నాడు. బాబ్జీ అంటే ఈ కథ చెబుతున్న నేనే.

"అల్లుడుగారూ, మా అమ్మాయి గురించి ఇప్పటికిప్పుడు ఓ రెండు లైన్లు వదలండి, వింటాం," అన్నాడాయన.

నిశాంత్ పైకి ఫ్యాన్ వైపు చూశాడు. "అనన్య... చాలా మంచిది మామయ్యా."

"ఆహా! రెండోది?"

"చాలా అంటే... చాలా మంచిది."

నిశాంత్ నావైపు చూశాడు. అనన్య కూడా నావైపే చూసింది.

"ఏమయ్యా బాబ్జీ," అన్నాడు మల్లికార్జునరావు నెమ్మదిగా, "వీళ్లిద్దరూ నిన్ను చూస్తారేం?"

ఇంతింత అక్షరాలతో పడబోయే ఆ పేరు తలుచుకుంటే కడుపు మండిపోయింది. ఉప్మా ప్లేటు కింద పెట్టేశాను.

"అరవై ఉత్తరాలూ మొన్న ఆదివారం నేను రాసినవే అంకుల్."