ఫ్రిస్కోలో కరెంటు బేరం

ఫణిని చూడగానే వేణుమాధవ్ బియ్యం బస్తాల వెనక్కి తప్పుకున్నాడు.

ఆరడుగుల మనిషి. ఆ బస్తాలు నడుం దాకా కూడా రావు. అయినా వంగి కూర్చుని, సోనామసూరి బస్తా మీద ధర చదువుతున్నట్టు నటించాడు.

ఫణి కూడా అతన్ని చూడనట్టే కరివేపాకు తీసుకుని ఇండియన్ స్టోర్ లోంచి బయటపడ్డాడు. ప్రాణ స్నేహితుడు అలా దాక్కుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ ఏమనగలడు? తప్పు తనదే మరి.

టెక్సాస్‌లో చాలాచోట్ల ఇంటికి కరెంటు ఏ కంపెనీ దగ్గర కొనుక్కోవాలో ఇంటివాళ్ల ఇష్టం. ఆఫీసు ఉద్యోగం ఒక్కటీ చాలక, ఫణి అలాంటి ఒక కంపెనీకి కస్టమర్లను చేర్చే సైడ్ బిజినెస్ మొదలుపెట్టాడు. ఫ్రిస్కోలో ఎక్కడ తెలుగు మాట వినబడినా "మీరు తెలుగువాళ్లా?" అని పలకరించి, ఊరి సంగతులన్నీ చుట్టి వచ్చి చివరికి కరెంటు దగ్గర తేలేవాడు. పుట్టినరోజు పార్టీల్లో కేకు కోసేలోపల ఇద్దరినైనా చేర్చేవాడు. మొహమాటానికి పోయి స్నేహితులంతా చేరారు.

మొదటి ఏడాది రేటు చవకే. కాంట్రాక్టు అయిపోయాక మాత్రం పాత కస్టమర్లందరూ తమకు తెలియకుండానే వేరియబుల్ రేటులోకి జారిపోయారు. అంటే, ఏ నెలకానెల కంపెనీ ఎంత చెబితే అంత. సరిగ్గా అప్పుడే ఎండలు మండిపోయాయి. ఏసీ ఆపితే ఉక్కకి ఉడుకుతారు, ఆపకపోతే బిల్లు చూసి ఉడుకుతారు.

ఫణి ఎవరినీ మోసం చేయలేదు. కాంట్రాక్టులో ఆ ముక్క ఉందని అతనికీ తెలియదు. చదివితే కదా! ఆ మాట బయటికి చెబితే ఉన్న కాస్త పరువూ పోతుందని నోరు మూసుకున్నాడు.

ఇంట్లో భార్య రాగిణి తేల్చి చెప్పేసింది. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే లోపల ఒక్క కొత్త కస్టమర్‌నైనా చేర్చగలిగితే సరే, లేకపోతే ఈ కరెంటు గోల కట్టిపెట్టాల్సిందే.

"నీ కరెంటు తీసుకున్న రాధారాణి వాళ్ల గృహప్రవేశం ఫేస్‌బుక్‌లో చూశాను ఫణీ," అంది. "మనల్ని తప్ప అందర్నీ పిలిచారు."

ఇప్పుడు ఫణికి కావలసింది కమిషన్ కాదు. తన మాట నమ్మే మనిషి ఒక్కడు.

ఆ మనిషి పార్కులో దొరికాడు. పేరు పరంధామయ్య. తెనాలి నుంచి వచ్చి కొడుకు పద్మనాభం ఇంట్లో కొన్నాళ్లు ఉంటున్న పెద్దాయన. ఫణి అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు. ఆయన పారిపోలేదు. పైగా, ఎండలో నిలబడి ఏం చెబుతావు, ఇంటికి పదమన్నాడు.

సోఫాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. ఫణి చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. చివర్లో ఒక్కటే అడిగాడు.

"ఏడాది తర్వాత రేటు ఏమవుద్ది బాబూ?"

ఫణి మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. అప్పటి మార్కెట్‌ని బట్టి ఉంటుందని ఏదో నసిగాడు.

"సరేలే. శనివారం మళ్లీ రా."

ఆ ప్రశ్నకు భయపడి ఫణి మొట్టమొదటిసారి కాంట్రాక్టు మొత్తం చదివాడు. శనివారం వెళ్లి, రేటు మారుతుందని దాచకుండా చెప్పాడు. ఆ ముక్క చివర్లో కాదు, మొదట్లో చెప్పి చూడమన్నాడు పెద్దాయన. ఆ పై శనివారం మొదట్లోనే చెప్పాడు. పరంధామయ్య మొహం వెలిగిపోయింది. కొడుకుని చేర్పిస్తానని మాత్రం అనలేదు.

లేబర్ డే ముందు శనివారం ఫణికి సహనం చచ్చిపోయింది.

"అంకుల్, చేరే ఉద్దేశం లేకపోతే ముందే చెప్పాల్సింది. మీ టైంపాస్‌కి నా వీకెండ్‌లన్నీ పోయాయి."

పెద్దాయన తల దించుకున్నాడు. "నిజమే నాయనా. ఇప్పుడు బాగా చెబుతున్నావు. అందుకని వింటున్నా."

ఫణి విసురుగా లేచి వచ్చేశాడు.

లేబర్ డే వచ్చి వెళ్లిపోయింది. బిజినెస్ ఎలాగూ మునిగింది. మునిగేవాడికి మొహమాటం ఏమిటనిపించి, పాత కస్టమర్లందరికీ ఫోన్ చేశాడు. కాంట్రాక్టు తను చదవలేదని ముందే ఒప్పుకుని, వేరియబుల్ వదిలేసి ఎక్కడ చవకైతే అక్కడికి మారిపొమ్మన్నాడు. కొందరు తిట్టారు. వేణుమాధవ్ అందరికంటే ఎక్కువ తిట్టి, ఆదివారం రాగిణిని తీసుకుని భోజనానికి రమ్మన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఫణికి పరంధామయ్య గుర్తొచ్చాడు. ముందు చెప్పాల్సింది ముందు చెప్పడం నేర్పిన మనిషిని అంత మాట అన్నందుకు సిగ్గేసింది. క్షమాపణ చెప్పుకుందామని ఆ సాయంత్రమే వెళ్లాడు.

పద్మనాభం తలుపు తీశాడు. నాన్న నిన్ననే ఇండియా ఫ్లైట్ ఎక్కారన్నాడు.

ఫణి గుమ్మంలోనే తన పేరు చెప్పుకున్నాడు. కరెంటు కంపెనీ మారమని అంకుల్‌ని బాగా విసిగించానని, ఆ పని మానేశానని ఆయనకు చెప్పమన్నాడు.

పద్మనాభం నవ్వాడు. "మారదామన్నా మాకు కుదరదండీ. ఈ వీధంతా కోఆపరేటివ్ సొసైటీ కరెంటే. వేరే కంపెనీని రానివ్వరు. మీరొచ్చిన మొదటి రోజే నాన్నకి చెప్పాను."

"తెలిసి కూడా మరి నన్ను వారం వారం ఎందుకు రమ్మన్నారు?"

"నాన్న రిటైరయ్యేదాకా ఇన్సూరెన్స్ ఏజెంటండీ," అన్నాడు పద్మనాభం, "ఆయన్ని చూసి తలుపు వేసుకోని ఇల్లు తెనాలిలో లేదు."