చాలినంత ఎత్తు

లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. చక్రాల కుర్చీలో అత్తగారు. సీసా తగిలించే కొక్కెం లేక, సెలైన్‌ని చేత్తో పైకెత్తి పట్టుకుంది కోడలు.

"పొట్టిదాన్ని కోడలిగా తెచ్చుకుంటే ఇంతే మరి! ఇంకా ఎత్తు," అంది అత్తగారు, పెళ్లినాటి గొంతుతోనే.

కోడలు మునివేళ్ల మీద నిలబడింది. గంట నొక్కినా, తలుపు బాదినా పలికిన నాథుడు లేడు. చెయ్యి లాగేసి సీసా కిందికి జారింది. గొట్టంలోకి రక్తం ఎగదన్నింది.

"నావల్ల కావట్లేదు అత్తయ్యా!" ఏడుపొచ్చేసింది కోడలికి.

ఎవరి ముందూ మెట్టు దిగి ఎరగని ఆవిడ గొట్టంకేసి చూసింది. మెల్లగా కుర్చీలోంచి జారి నేలమీద చతికిలబడింది. రక్తం వెనక్కి తగ్గి, చుక్కలు మళ్లీ పడసాగాయి.

"ఆ కుర్చీలో కూర్చుని పట్టుకో తల్లీ. ఇప్పుడు నీ ఎత్తు చాల్లే."