మాఫీ లేని కాలేజీ

"దిగు! నా బండిలకెళ్ళి ముందు దిగు!"

నర్సింగ్ కారు తలుపు తీసి శేషాచలం చొక్కా పట్టుకుని బయటికి లాగాడు. ఒళ్ళోని ఫైలు జారి పార్కింగ్‌లో ఇసుక మీద పడింది. ఎండగా ఉంది, ఏసీలో కూర్చుని మాట్లాడుకుందాం రమ్మని అయిదు నిమిషాల కిందట కారులోకి పిలిచినవాడూ ఈ నర్సింగే.

అల్ వుకైర్‌లోని ఆ స్కూల్లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫైనల్ జరుగుతోంది. శేషాచలం కాకినాడ దగ్గర ఒక కాలేజీకి కోచ్. ఖతర్‌లో దిగి మూడు రోజులైంది. మూడు రోజులూ నర్సింగ్ కూతురు మాలతి ఆడిన ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళి, ఆమె వేసిన ప్రతి బంతినీ ఫోన్లో వీడియో తీశాడు. పన్నెండో తరగతి అయిపోయిన ఆ ఆరడుగుల పిల్లని ఎలాగైనా తన టీమ్‌లోకి తీసుకుపోవాలని అతని పట్టుదల.

"ఇప్పుడు నేనేమన్నానండీ? ఇంతకంటే ఏ కాలేజీ ఇస్తుందండీ మీ అమ్మాయికి?" అన్నాడు కాగితాలు ఏరుకుంటూ.

"ఏమన్నవా? హాస్టల్ మాఫీ! మెస్ మాఫీ! కోచ్‌వయ్యుండి కోచింగ్ గూడ మాఫీ! మల్ల నవ్వుకుంట చెప్తివి! నా బిడ్డను ఏమనుకున్నవ్? దిక్కులేనిదనుకున్నవా?"

"అయ్యో, అలా ఎందుకనుకుంటామండీ! ఆట చూసి ఇస్తున్నాం."

"ఇస్తున్నవా? ఏమిస్తున్నవ్‌ర నువ్వు!"

నర్సింగ్ ఇరవై రెండేళ్ళుగా ఖతర్‌లో సైట్ల మీద బతికినవాడు. ఉంటే ఫీ, లేకపోతే మాఫీ. నీళ్ళు ఫీ, కరెంటు మాఫీ. ఈ రెండు అరబ్బీ మాటలతోనే నేపాలీలనీ బెంగాలీలనీ నడిపించి ఫోర్‌మన్ అయ్యాడు. ఇంట్లో పెళ్ళాంతోనూ అవే మాటలు. వచ్చే నెల నుంచి అతనికి డ్యూటీ కూడా మాఫీ. ప్రాజెక్టు అయిపోయింది, కంపెనీ ఇంటికి పొమ్మంది. చేతిలో ఏమీ మిగల్లేదు. బిడ్డకి తిండీ నీడా చూపించి చదివించే కాలేజీ ఒక్కటి దొరికితే చాలని కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అలాంటివాడితో ఎవడైనా ఇలా మాట్లాడతాడా!

శేషాచలానికీ ఒళ్ళు మండింది. "మర్యాదగా మాట్లాడండి. నేనేం అడుక్కోడానికి రాలేదు. టీమ్‌లో ఒక్క సీటే మిగిలింది. ఇలాంటి సీటు కోసం జనం కాళ్ళు పట్టుకుంటారు, తెలుసా?"

"పట్టుకునేటోని బిడ్డకే ఇయ్యి! యల్లా, నడువ్!"

శేషాచలం అక్కడే నిలబడి ఫోన్ తీసి ఎవరికో చేశాడు. "మీ అమ్మాయికే ఖాయం చేశానండీ. ఇప్పుడే వస్తున్నాను, సంతకం పెట్టేద్దురు గాని." ఫోన్ జేబులో పెట్టుకుని నర్సింగ్ మొహంలోకి చూశాడు. "ఇంత పొగరు పనికిరాదండీ. ఆ పిల్ల ఆడి సంపాదించుకున్నదాన్ని మీరు నోటితో పోగొట్టారు."

"పోరా, పో!"

ఇదంతా స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు రఫీయుద్దీన్. హైదరాబాద్‌లో ఇంకో కాలేజీ కోచ్. శేషాచలం వచ్చిన విమానంలోనే వచ్చాడు, వాడు ఎక్కడ కూర్చుంటే వాడి వెనక వరసలోనే కూర్చుని మాలతి ఆట చూశాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. శేషాచలం గేటు దాటాక రఫీయుద్దీన్ నవ్వుకుంటూ నర్సింగ్ దగ్గరికొచ్చాడు.

"అన్నా, అంత విన్న. మా కాలేజీల మాఫీ అన్న మాటే ఉండదన్నా."

నర్సింగ్ మొహం విప్పారింది. "గట్ల చెప్పు! మరి హాస్టల్?"

రఫీయుద్దీన్ కాగితం విప్పి వేలు పెట్టాడు. "హాస్టల్ ఫీ."

"మెస్?"

"మెస్ ఫీ. గిదేమో కోచింగ్ ఫీ. డ్రస్సు, బూట్లకు కిట్ ఫీ. మా దగ్గర దాచుడు లేదన్నా, అన్ని కాగితం మీదనే ఉన్నయ్. సంతకం పెట్టినంక మాత్రం ఎనకకు పోవుడు ఉండది."

"ఎనకకెందుకు పోతనే! మనిషంటే నువ్వు. వాడూ ఉన్నడు, దొంగ!" నర్సింగ్ కారు బానెట్ మీదే కాగితం పరిచి సంతకం చేశాడు. రఫీయుద్దీన్ ఆ సంతకాన్ని రెండుసార్లు చూసుకున్నాడు. ఇంత తేలిగ్గా ఏ తండ్రీ ఒప్పుకోలేదు. నర్సింగ్ మనసు మారేలోపల నకలు ఒకటి అతని చేతిలో పెట్టి, టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆట ముగిసింది. మాలతి మెడలో పతకంతో పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నాయినా, శేషాచలం సార్ ఏడి? మాట్లాడినవా?"

"మాట్లాడుడా? ఎల్లగొట్టిన! నీకు మంచి కాలేజీ పట్టిన, చూడు!"

మాలతి కాగితం తీసుకుని పైనుంచి కింది దాకా చదివింది. ప్రతి వరస చివరా ఒక అంకె ఉంది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"శేషాచలం సార్ ఏమన్నడు?"

"అన్ని మాఫీ అన్నడు, లఫంగి! ఈ రఫీ సారే నయం. ఏదడిగినా ఫీ అన్నడు."

మాలతి మెడలోంచి పతకం తీసి కారు సీటు మీదికి విసిరికొట్టింది.

"వాళ్ళు ఖతర్ వచ్చి మూడు దినాలే నాయినా. ఇద్దరు నీతోని మాట్లాడింది తెలుగు!"