కొండముచ్చు తర్వాత ఎవరు?

ఒక అడవిలో జంతువులు వెలగకాయతో బంతాట ఆడేవి. ఒకరు విసరాలి, ఇంకొకరు పట్టుకుని అవతలి గట్టుకు పరుగెత్తాలి. విసరడంలో దీర్ఘవాలుడనే కొండముచ్చుకు సాటి లేదు. పట్టుకునే పని కుందేలు చెవులయ్యది.

వయసు మీదపడి దీర్ఘవాలుడు ఆట మానేస్తూ, తన వారసుణ్ణి తానే ఎంచుతానన్నాడు. ఏటి అవతలి నక్కలతో పోటీ మర్నాడే. ఒక్కొక్కరినీ కాయ విసిరి చూపమన్నాడు. నిజానికి అతనికి ఎవర్నీ ఎంచాలని లేదు. ఏనుగు విసిరిన కాయ కొండ దాటిపోయి మళ్లీ దొరకలేదు. ఎలుగుబంటి విసరకముందే కాయ పగలగొట్టి గుజ్జు తినేసింది. దీర్ఘవాలుడు లోలోపల సంబరపడ్డాడు.

చివరికి బుల్లెమ్మ అనే ముంగిస వచ్చింది. "చెవులయ్య బాబాయ్, ఆ తుమ్మచెట్టు పక్కకు రా!" అని కేకేసి మెల్లగా విసిరింది. కాయ సరిగ్గా కుందేలు చేతుల్లో పడింది.

"ఇదీ ఒక విసురేనా? నేను విసిరితే పిడుగు పడ్డట్టుండేది!" అన్నాడు దీర్ఘవాలుడు.

"పిడుగే అన్నా," అన్నాడు చెవులయ్య నుదుటి మీది బొప్పి తడుముకుంటూ. "చప్పట్లు నీకు, బొప్పులు నాకు. కాయ నా తలకు కాకుండా చేతికి రావడం ఇవాళే చూశాను."

జంతువులన్నీ పకపకా నవ్వాయి. అసలే నల్లనిదైన దీర్ఘవాలుడి ముఖం ఇంకా నల్లబడింది. కాసేపు తోక గోక్కుంటూ కూర్చున్నాడు. తర్వాత లేచి మైదానం చివరికి నడిచాడు.

"ఏదీ పిల్లా, నాకూ ఒకటి విసురు, చూద్దాం!"

కాయ మెత్తగా అతని అరచేతుల్లో వాలింది. అతను దానివంక వింతగా చూశాడు.

"రేపు బుల్లెమ్మే విసురుతుంది," అన్నాడు గొంతు సవరించుకుని. "చెవులయ్యా, అలిసిపోతే చెప్పరా. కాసేపు నేను పట్టుకుంటాను."