నెత్తురు కట్టే మాట

పాల చెంబుతో కొట్టంలోంచి వచ్చిన హిల్పా గుమ్మంలోనే ఆగిపోయింది.

లోపల బల్ల మీద ఎవరో బాటసారి. కోటు గుండీకి సిరాబుడ్డి వేలాడుతోంది. కాళ్ల దగ్గర రెండు సంచులు, ఒకటి కాగితాలతో తెరిచి ఉంది. అత్త మటేలి కళ్లు మూసుకుని గాయం నుంచి కారే నెత్తురు కట్టే మంత్రం పాడుతోంది. అతను గబగబా రాసుకుంటున్నాడు.



తనకంటే చిన్నవాళ్లకు మంత్రం చెబితే దాని శక్తి చెప్పినవాళ్లను వదిలిపోతుంది. అందుకే కోడలికి కూడా చివరి ఊపిరిదాకా చెప్పనంది అత్త. ఇప్పుడు దారినపోయేవాడికి ధారపోస్తోంది.

"ఎవరయ్యా నువ్వు?"

"పాటలు పోగుచేసుకునేవాణ్ణమ్మా."

"మా ఇంటి రక్షే దొరికిందా నీకు?"

పుస్తకం లాక్కుని పొయ్యిలో పడేసింది.

"ఎంత పని చేశావే," అంది మటేలి. "పళ్లూడాక మంత్రానికి బలమెక్కడిది? మాటైనా మిగులుతుందని చెప్పాను."

"ఇంకా మూడు పళ్లున్నాయిగా నీకు," అంది హిల్పా.

అతను కోప్పడలేదు. కాగితాలు నల్లబడేదాకా చూస్తూ కూర్చున్నాడు.

హిల్పా రెండో సంచి మీద కూడా చెయ్యి వేసింది.

"అది వద్దమ్మా. పదునైనవి ఉన్నాయి."

కత్తులు కాబోలనుకుని చటుక్కున చెయ్యి తీసేసింది.

పోతూ పోతూ అతను గోడకు ఆనించిన గొడ్డలిని కదిపి చూశాడు.

"కామ వదులైంది, తల ఊడొస్తుంది. మీ ఆయనకు చెప్పు. రెండు రోజులు పిండిమర దగ్గరుంటాను. అవసరమైతే కబురు పెట్టండి."

"నీ నోట్లో దుమ్ముపడ. నీ అవసరం మాకెందుకు?"

గొడ్డలి మాట ఆమె మొగుడు తావెత్తికి చెప్పలేదు. అపశకునాన్ని మళ్లీ నోటితో అంటే జరిగి తీరుతుందని భయం.

మర్నాడు అడవిలోంచి తావెత్తిని మంచుబండి మీద తెచ్చారు. గొడ్డలి తల ఊడి తొడలో దిగింది.

మటేలి మంత్రం పాడింది. మళ్లీ పాడింది. నెత్తురు బల్ల మీంచి నేల మీదికి కారుతూనే ఉంది.

"మర దగ్గరికి మనిషిని పంపవే," అంది ముసలామె. "ఆ వచ్చినాయన్ని పిలిపించు."

"శక్తి పట్టుకుపోయింది చాలక నా మొగుడి ప్రాణం కూడా పట్టుకుపోవాలా? వాడు ఈ గడప తొక్కడానికి వీల్లేదు."

పొద్దు వాలకముందే తావెత్తి పోయాడు.

ఆదివారం సమాధి దగ్గర పాస్టరు అడిగాడు.

"పిలిస్తే వినపడేంత దూరంలో ఉన్నాడే. కబురైనా పెట్టలేదేమ్మా?"

"ఎవరికి?"

"మర దగ్గరున్నాయనకు."

"ఆ మంత్రాల దొంగకా?"



"తానెవరో చెబితే ముసలాళ్లు మంత్రాలు చెప్పరని ఆయన ఏ ఇంట్లోనూ చెప్పుకోడు. ఒక సంచిలో పాటలు, రెండో సంచిలో గాయాలు కుట్టే సూదీ దారం. హెల్సింకి నుంచి మన జిల్లాకు కొత్తగా వచ్చిన డాక్టరు ఆయన."